మా అమ్మ గురించి నేను రాయనన్న మాట

మా సంఘంలో ఎవరు పోయినా జ్ఞాపకార్థ కూడికలో ఒక కాగితం చదువుతారు. దాన్ని జీవిత చరిత్ర అంటారు. పుట్టిన ఊరు, బాప్తిస్మం, పెళ్లి, పిల్లలు, సంఘానికి చేసిన సేవ, చివర్లో జబ్బు పేరు. ఆఖరి వాక్యం మాత్రం ఆడవాళ్లందరికీ ఒకటే: "మంచి తల్లిగా జీవించి ప్రభువు సన్నిధికి చేరారు." మగవాళ్లకైతే మంచి తండ్రి. రోజూ తాగొచ్చి ఇంటిల్లిపాదినీ బాదినవాడు కూడా ఆ కాగితంలో మంచి తండ్రే. ఆ కాగితమంటే నాకు చిన్నప్పటి నుంచీ ఒళ్లు మంట.

మొన్న వర్షాకాలంలో మా అమ్మ రూతు చనిపోయింది. మూడోరోజు పాస్టరుగారు ఇంటికొచ్చారు. మేం ఆయన్ని అయ్యగారు అంటాం.

"కృపమ్మా, నువ్వు టీచరువు గదా. మీ అమ్మ జీవిత చరిత్ర నువ్వే రాయి. ఆదివారం చదువుదువు గానీ" అన్నారు.

"అంతా రాస్తాను అయ్యగారూ. ఆఖరి వాక్యం మాత్రం రాయను" అన్నాను.

ఆయన అర్థంకాక మా నాయన వైపు చూశారు. నాయన గోడ వైపు చూశాడు.

అమ్మ గార్లదిన్నె దగ్గర పల్లెలో పుట్టింది. తాత కొండప్ప కూలికి పోయేవాడు. నలుగురు ఆడపిల్లల్లో పదో తరగతి పాసైంది ఈమె ఒక్కతే. నర్సు ట్రైనింగు అయ్యాక ముదిగుబ్బ మండలంలో ఒక సబ్‌సెంటరులో వేశారు. సబ్‌సెంటరంటే పెద్దగా ఊహించుకోకండి. ఒక గది, ఒక బల్ల, తలుపు ఊడిపోయిన బీరువా. ఐదు పల్లెలకు కలిపి ఒక్క నర్సమ్మ. ముప్పై ఆరేళ్లు ఆ చుట్టుపక్కలే తిరిగింది. మా నాయన జయచంద్రది బేల్దారి పని. పగలంతా గోడలు కట్టి, సాయంత్రం ఇంటికొచ్చి సంగటి కెలికేవాడు. "ఏమప్పా, పెండ్లామెవురు, మొగుడెవురు మీ ఇంట్లో?" అని తోటివాళ్లు ఎగతాళి చేసేవారు. నాయన నవ్వి ఊరుకునేవాడు. నాకే వాళ్లను రాళ్లతో కొట్టాలనిపించేది.

అమ్మ మందుల డబ్బా కంటే ఆమె నోరు పెద్దది. ఆ పల్లెల్లో కాన్పయిన ఆడదాన్ని మైల అని బయటి కొట్టంలో పడుకోబెట్టేవారు. దాహమంటే గుక్కెడు నీళ్లు కూడా పోసేవారు కాదు. చావింటి నుంచి వచ్చిన వాళ్లనైతే పచ్చి బాలింత ఉన్న వీధిలోకే రానిచ్చేవారు కాదు. అమ్మ నేరుగా కొట్టంలోకి పోయి, బాలింతను చెయ్యి పట్టుకుని నడిపించి ఇంట్లో మంచం మీద పడుకోబెట్టేది. "మైల లేదు, మన్ను లేదు. నీళ్లు తాపండి" అని అత్తల మీద కేకలేసేది. చర్చిలో స్త్రీల కూడికలో కూడా ఇదే ప్రసంగం. వాక్యం ఎక్కడ మొదలుపెట్టినా బాలింత దగ్గరకు తెచ్చి ఆపేది.

మా చర్చిలో ఆడవాళ్లు పూటపూటా వంటకు ముందు పిడికెడు బియ్యం తీసి, ఆదివారం గుడికి తెస్తారు. అమ్మ గిన్నె సగం ఆదివారాలు ఖాళీగా వచ్చేది. దారిలో ఏ బాలింత ఇంట్లోనో పోసేసి ఉండేది. దేవుడి బియ్యం ఇష్టమొచ్చినట్టు పంచడమేమిటని పెద్దలు ఒకసారి నిలదీశారు. "దేవునికి ఆకలైతే నాకు చెప్తాడు లేండి" అంది. ఆ రోజు నాకు భలే గర్వంగా అనిపించింది. ఇది కూడా కాగితంలో రాశాను.

కానీ ఆ మనిషి ఇంట్లో ఉండేది కాదు. నాకు పదేళ్లప్పుడు పోలియో చుక్కలు మొదలయ్యాయి. పిల్లలందరికీ వేసిన ఇంటి తలుపు మీద సుద్దముక్కతో ఒక గుర్తు పెడతారు. ఎవరైనా మిగిలిపోతే ఇంటూ మార్కు. ఆ ఇంటికి మళ్లీ పోవాలి. ఒకరోజు నేను మా తలుపు మీద పెద్ద ఇంటూ మార్కు కొట్టాను. అమ్మ వచ్చి చూసి నవ్వింది. కొంగుతో తుడిచేసి మళ్లీ పనికి వెళ్లిపోయింది.

అది కూడా మరిచిపోయేదాన్నే. మరిచిపోలేనిది నా తొలి కాన్పు.

తొలి కాన్పు పుట్టింట్లోనే కావాలి కదా, ఏడో నెలలో వచ్చాను. "నా చేతుల మింద పుట్టాల నీ బిడ్డ" అని అమ్మ రోజూ అనేది. 2008 జనవరిలో, చుక్కల ఆదివారం నాడు, నాకు నొప్పులొచ్చాయి. అమ్మ అప్పటికే డబ్బా తీసుకుని కొండ కింద పల్లెకు పోయింది. నాయన మనిషిని పంపాడు. "ఆసుపత్రికి తీస్కపోండి, నేనొస్తా" అని కబురొచ్చింది. ఆ పల్లెలో హనుమక్క అనే రైతు ఇంటామె కోడలు ఇంట్లోనే ప్రసవించి, రక్తం ఆగక పడి ఉంది. అమ్మ ఆమెను జీపులో వేసుకుని అనంతపురం బయలుదేరింది. రాప్తాడు దాటకముందే ఆ పిల్ల ప్రాణం పోయింది. ఇంట్లో ఉన్న పసిబిడ్డ మాత్రం దక్కింది.

ముదిగుబ్బ ఆసుపత్రిలో మధ్యాహ్నం మూడింటికి నాకు మగపిల్లవాడు పుట్టాడు. పట్టుకోవడానికి పక్కన అమ్మ లేదు. మర్నాడు పదకొండింటికి వచ్చింది. తలస్నానం చేసి, ఉతికిన చీర కట్టుకుని, క్యారియరు పట్టుకుని, చుట్టపుచూపుగా వచ్చినట్టు వచ్చింది. జుట్టు ఇంకా తడిగానే ఉంది. ఇంటికి పోయి నిద్రపోయి, తీరిగ్గా స్నానం చేసి వచ్చిందన్నమాట! నేను గోడ వైపు తిరిగి పడుకున్నాను. పదిహేడేళ్లు ఆమెతో మాట్లాడాను, డాక్టర్ల దగ్గరికి తిప్పాను, కాళ్లు పట్టాను. ఆ విషయం మాత్రం ఎత్తనివ్వలేదు. ఒకసారి "ఆ పొద్దు ఏమయినాదంటే..." అని ఆమె మొదలుపెడితే, "వద్దులేమ్మా" అని లేచిపోయాను.

శనివారం నేను రాస్తుంటే నాయన పక్కన కూర్చుని అనపకాయలు వలుస్తున్నాడు.

"ఆకరి మాట రాస్తివా?" అని అడిగాడు.

"లేదు. అబద్ధం రాయను."

నాయన కాయలు వలుస్తూ తలెత్తకుండానే చెప్పాడు. "మీ అమ్మ ఆ సాయంత్రమే వచ్చినాది కృపా. ఆసుపత్రి మెట్ల మింద కూలబడింది. చీరంతా నెత్తుర్లే. మనవడు పుట్టినాడు, లోపలికి పో అంటి. సచ్చిపోయిన పిల్లను ఒళ్లో పెట్టుకోనొచ్చినా, ఈ ఒంటితో పచ్చి బాలింత కాడికి యాడ పోయేది అనింది. మైల లేదని అందరికీ జెప్పేది నువ్వే గదా అంటి. 'ఊరోళ్ల బిడ్డలకు లేదు' అనింది. తెల్లారేదాకా ఆ మెట్ల మిందే ఉండె. నువ్వు మూలిగితే లేసి నిలబడేది, మల్లా కూర్చునేది. పొద్దున ఇంటికి పోయి తలకు పోసుకోని వచ్చినాది."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"ఒట్టు పెట్టించుకునింది. నర్సమ్మే మైల పట్టిందని తెలిస్తే ఇంక నా మాట ఎవురింటారు అనె."

"పదిహేడేళ్లు నోరు కుట్టుకుని కూర్చున్నావా నాయనా!" అని ఆయన మీద అరిచాను. అరుస్తూనే ఏడ్చాను. ఏడిస్తే తగ్గే బాధ కాదది. ఆమె చెప్పబోతే లేచిపోయిన దాన్ని నేనే కదా.

రాయాలా వద్దా అన్నది పెద్ద చిక్కయింది. రాస్తే అమ్మ దాచుకున్నది ఐదు పల్లెల ముందు బయటపెట్టినట్టే. ముప్పై ఆరేళ్లు ఆమె చెప్పిన మాటలన్నీ గాలికి పోతాయేమో. రాయకపోతే ఆమెను నేను మళ్లీ మెట్ల మీదే కూర్చోబెట్టినట్టు. చివరికి రాశాను.

ఆదివారం చర్చి నిండిపోయింది. మా సంఘంవాళ్ల కంటే పల్లెల నుంచి వచ్చిన ఆడవాళ్లే ఎక్కువ. బొట్లు పెట్టుకున్నవాళ్లు, చంకలో మనవలతో వచ్చినవాళ్లు వెనక చాపల మీద సర్దుకుని కూర్చున్నారు. హనుమక్క కూడా వచ్చింది. నేను చదవసాగాను. ఆసుపత్రి మెట్ల సంగతి కూడా ఆగకుండా చదివేశాను. అయ్యగారు దగ్గారు.

వెనక నుంచి హనుమక్క లేచింది. ఇక్కడ తను మాట్లాడొచ్చో లేదో ఆమె ఎవరినీ అడగలేదు.

"ఇది మాకు కొత్తది గాదు పాపా. కోడలి శవాన్ని ఇంటికి తీస్కపోతా మీ అమ్మను ఆసుపత్రి కాడ దించింది మేమే. మెట్ల కాడనే నిలబడిపాయె. నేను సూస్తి. ఊరంతా జెప్పినా."

"చెప్పావా?" అన్నాను.

"జెప్పకుండా ఎట్లుంటా? అంతవరకూ ఏమనుకుంటిమంటే, ఈయమ్మ సదువుకున్నది, మన బయాలు ఈయమ్మకేం తెలుసు అనుకుంటిమి. ఆ పొద్దు సూసినాక తెలిసె, మాకున్నంత బయం ఆయమ్మకూ ఉండాదని. అంత బయముండే మనిషి మైల లేదంటాందంటే అది నిజమే అయింటాది అనుకుంటిమి. అప్పటినుంచే ఆమె మాట ఇనింది మేము. తల్లిలేని నా మనవరాలు గౌతమిని చావింటి వాకిట్లోనే నీళ్లు పోసి సాకినా." ఆమె చెంగుతో మొహం తుడుచుకుంది. "ఊరందరికీ తెలుసు పాపా. నీకే తెలీకపాయె."

చాపల మీద ఆడవాళ్లు అవునవునన్నారు. నాయన తల వంచుకుని కూర్చున్నాడు. అయ్యగారు నా వైపు చూస్తూ ఆఖరి వాక్యం కోసం ఎదురుచూస్తున్నారు. అది నా కాగితంలో లేదు. ఉన్నట్టే చదివాను. ఎవరికీ వినపడకపోతే ఇంకోసారి చదివాను.