ఉప్పునీళ్లు తగలని మోటారు

విజయవాడలో ఒక కోచింగ్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. ఈ ఒక్క కారణంతో మా బంధువుల్లో ఎవరింట్లో ఫ్యాను ఆగినా, మిక్సీ కాలిన వాసన వచ్చినా నాకే ఫోను. ఇంజను సామర్థ్యం మీద బోర్డు నిండా లెక్క వేయగలను గానీ, నా స్కూటరు స్పార్క్ ప్లగ్గు ఎక్కడుంటుందో మెకానిక్కునే అడగాలి. ఈ సంగతి మా మేనమామకు ఎన్నిసార్లు చెప్పినా నమ్మడు. వినయం అనుకుంటాడు.

మావయ్యకు కృష్ణ మధ్య లంకలో రెండెకరాల అరటితోట ఉంది. నలభై ఏళ్లుగా సొంత పడవలో గెడ వేసుకుంటూ వెళ్లొస్తున్నాడు. కిందటేడు కుడిభుజం పట్టేసింది. చెయ్యి లేవదు, గెడ పడదు. తోట కౌలుకిచ్చేసి ఇంటిపట్టున కూర్చోమని అందరూ పోరు పెట్టారు. ఆయన మాత్రం పడవకు మోటారు బిగించుకుంటానన్నాడు. సముద్రం వైపు ఒక ఊళ్లో పాతదొకటి అమ్మకానికి ఉందట, దాన్ని చూసి పెట్టమని నన్ను రమ్మన్నాడు.

వెళ్లడానికి రెండు రోజుల ముందు అత్తయ్య ఫోను చేసింది. గొంతు బాగా తగ్గించింది, అంటే మావయ్య పక్క గదిలో ఉన్నాడన్నమాట. మోటారు ఎలా ఉన్నా పనికిరాదనే చెప్పమంది. ఆ చేత్తో ఏట్లో పడితే ఈదలేడని, రోజూ సాయంత్రం ఆయన గట్టెక్కేదాకా తనకు ముద్ద దిగదని చెప్పింది. "నా మాట ఎటూ వినడు. నువ్వు చెబితే వింటాడు నాయనా," అంది. పేపరు చూడకుండా ఫెయిల్ చేయడం మా కాలేజీలో కూడా లేదు. అయినా సరేనన్నాను.

తీర్పు ముందే రాసిపెట్టుకున్నా, విచారణ మర్యాదగా జరగాలి కదా. ఆ రెండు రోజులూ పడవ మోటార్ల వీడియోలు చూసి, నోట్సు కూడా రాసుకున్నాను. పామర్రు బస్టాండులో మావయ్యను కలుసుకుని, ఆయన బండి మీదే ఇద్దరం ఆ ఊరు చేరాం.

అమ్మే ఆయన మాటకు రెండుసార్లు అండీ అంటాడు. మోటారు ఒక డాక్టరుగారిదట, ఆదివారాలు మాత్రమే షికారుకు వాడారట, ఉప్పునీళ్లన్నవే దానికి తగల్లేదట. ఆ ఊరికి మూడు వైపులా ఉన్నవి ఉప్పునీళ్లే. మోటారుకు కొత్తగా నీలంరంగు వేశారు, మరమేకుల తలలు కూడా వదల్లేదు. నీళ్లలో తిరిగే రెక్కల అంచులు ఎలుకలు కొరికినట్టున్నాయి. డాక్టరుగారికి ఒడ్డుకు చేర్చడం సరిగ్గా రాదని సమాధానం వచ్చింది. చెయ్యి వేసి చూస్తే ఇంజను వెచ్చగా ఉంది. మేం రాకముందే ఒకసారి నడిపి ఉంచాడు, వేడి ఇంజను ఇట్టే అందుకుంటుంది కాబట్టి. అడిగితే ఎండ అన్నాడు. మోటారు ఉన్నది రేకుల షెడ్డులో.

నాకు ఒళ్లు మండింది. చల్లారేదాకా కూర్చుంటామన్నాను. ఆయన మొహం మాడ్చుకుని మజ్జిగ తెప్పించాడు. గంట తర్వాత మోటారు అడుగుభాగం నీళ్ల డ్రమ్ములోకి దించారు. నీళ్లు లేకుండా నడిపితే కాలిపోతుంది. స్టార్టు చేసే తాడు నేను ఐదుసార్లు లాగాను. కదిలింది నా కళ్లజోడు ఒక్కటే. మావయ్య నన్ను పక్కకు జరిపి ఎడమచేత్తో లాగాడు. రెండోసారికి అందుకుంది. ఇంజను చల్లబడేలా లోపల తిరిగిన నీళ్లు పక్క రంధ్రంలోంచి ధారగా, ఎక్కడా తెగకుండా వచ్చాయి. వెలిగిపోతున్న మావయ్య మొహం చూడలేక నోట్సు తీశాను. ఆపించి, కింది మరమేకు విప్పి ఆయిలు చూశాను. నీళ్లు దిగితే పాలు పోసిన టీలా ఉంటుందట. ఇది నల్లగా, నికార్సుగా ఉంది.

చివరికి నీళ్లొచ్చిన రంధ్రం అంచున తెల్లటి పెచ్చు ఒకటి దొరికింది. మావయ్య గోటితో గీకి నాలిక మీద వేసుకున్నాడు. "ఉప్పు," అన్నాడు.

"మా ఊళ్లో గాలే అంతండీ," అన్నాడు అమ్మే ఆయన.

నాకు ప్రాణం లేచొచ్చింది. మావయ్యను ఒక పక్కకు తీసుకెళ్లి తీర్పు చదివాను. ఉప్పు లోహాన్ని తినేయడం, వ్యాకోచం, ఘర్షణ, సామర్థ్యం, ఏదీ వదల్లేదు. ఇది పనికిరాదు, మధ్యలో ఆగిపోతుంది, వద్దే వద్దన్నాను. ఆయన అడ్డు రాకుండా మొత్తం విన్నాడు.

"మీ అత్తయ్య చెప్పమన్నది అయిందిగా. ఇక నువ్వు చూసింది చెప్పు."

ఎలా తెలిసిందన్నాను.

"నలభై ఏళ్ల కాపురంరా. ఆవిడ గొంతు తగ్గిస్తేనే నాకు బాగా వినపడుద్ది."

సిగ్గుతో చచ్చిపోయాను. తల వంచుకుని ఉన్నదున్నట్టు చెప్పాను. డాక్టరూ లేడు, ఆదివారమూ లేదు, ఇది ఏళ్ల తరబడి సముద్రంలో తిరిగిన మోటారు. కానీ నీళ్లు బాగా తిప్పుతోంది, ఆయిలు బాగుంది, చల్లగా ఉన్నా అందుకుంటోంది. జాగ్రత్తగా వాడితే రెండు మూడేళ్లు ఢోకా లేదు.

"నాకూ ఆ లెక్క సరిపోద్దిరా," అని బేరానికి వెళ్లాడు. ఆ మాటకు నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

అత్తయ్యకు చెప్పే పని మాత్రం నా నెత్తినే వేశాడు. షెడ్డు వెనక్కి వెళ్లి ఫోను చేశాను. మోటారు బాగానే ఉందత్తయ్యా, అబద్ధం చెప్పలేకపోయాను, మావయ్య తీసుకుంటున్నాడు అని గుక్క తిప్పుకోకుండా చెప్పేసి తిట్ల కోసం కాచుకున్నాను.

"ఇద్దరెక్కితే లాగుద్దా?" అని అడిగింది.

అంత విచారణ చేసిన నేను ఆ ఒక్క సంగతి అడగనే లేదు. ఫోను పెట్టకుండానే అడగడానికి వెళ్లాను.