ధూళి వేలిముద్ర

పాడేరు పక్క కొండమీద అప్పటికే నడుస్తున్న కంకర క్రషర్‌కి గాలి కాలుష్య అనుమతి పొడిగింపు కాగితాలు తయారుచేసేవాణ్ణి. అభ్యంతరం లేదని పక్క కాఫీతోట మామ్మ చేత కూడా వేలిముద్ర వేయించాలని ఆవిడ తోటకి వెళ్లాను. ఆవిడకొక అలవాటుండేది. ఎవరితో మాట్లాడుతున్నా, చేతికందిన కాఫీ ఆకును బొటనవేలితో తుడిచి ఆ వేలిని చూసుకునేది.

"ఏటి రాసినావు బాబూ?" అంది ఫైలు చూసి.

"క్రషర్ ధూళి గోడ దాటి మీ తోటలోకి రాదని, మామ్మా."

"ఆ ముక్క ఎక్కడున్నాది?"

ఆ వరస చూపించి ఇంకు ప్యాడ్ తెరిచాను. ఆవిడ దానివంక చూడనైనా లేదు. అలవాటుగా ఓ ఆకును తుడిచి, ఆ వరస మీదే బొటనవేలు నొక్కింది. బూడిదరంగులో గీతలన్నీ తేటగా పడ్డాయి.

"ఏసీసినాను. పట్టుకెల్లు బాబూ."

ఊపిరి బిగబట్టి అందుకున్నాను. గట్టిగా ఊదితే ఆ ఒక్క నిజమూ ఎగిరిపోతుందని భయం.