ఖాళీ గడి చుట్టూ పెన్సిలు గీత

మా గణాంకశాస్త్రం మాస్టారు మొన్న ఉదయం పోయారు. ఎచ్చెర్లలో యూనివర్సిటీ దగ్గర బస్సు దిగుతుండగా కబురు తెలిసింది. ఎవరితోనైనా వాదించి ఆ మాటను కొట్టివేయాలనిపించింది. వాదించడానికి ఎదుట ఆయన లేరు.

నేను గొంతు పెంచినప్పుడల్లా ఆయన కళ్లజోడు తీసి తుడుచుకునేవారు. ఆ తుడవడం పూర్తయ్యేసరికి నా వాదనలో చిల్లు నాకే కనబడేది.

నిరుడు నౌపడ ఉప్పుమడుల్లో పనిచేసే స్త్రీలను, కాళ్లు పుండ్లుపడి నెలలో ఎన్ని రోజులు పని మానుతున్నారని అడిగాను. జవాబుల పట్టికలో చాలామంది గడి ఖాళీగా మిగిలింది. ఖాళీలను సున్నాగా తీసుకొమ్మని కంప్యూటరు ప్రోగ్రాములో రాశాను. సగటు పడిపోయింది. వాళ్లకు బూట్లు ఇచ్చి తీరాలని డిబేట్ ఫైనల్లో వాదించవలసినదాన్ని. ఆ అంకె నాకు పనికిరాదు. ఖాళీలున్న వరుసలను తీసివేయమని మార్చి రాశాను. సగటు ఎగిసింది. గెలిచినట్టే మాస్టారికి చూపించాను.

"ముందు వాళ్లకి పుళ్లే నేవన్నావు. ఇప్పుడు మనుషులే నేరు అంటన్నావు. మళ్లీ అడిగావేటమ్మా?"

"రెండూ పుస్తకంలో ఉన్న పద్ధతులేనండీ! పోటీ ఎల్లుండే."

"పుస్తకం నౌపడ ఎల్లనేదు గదా. నువ్వెల్లు."

తిట్టుకుంటూనే వెళ్లాను. గడి ఖాళీగా వదిలిన ఒకామె నన్ను చూసి నవ్వింది. "పుండున్నా మడిలోకి దిగుతాం పాపా. మానితే గదా రోజులు లెక్కెట్టేది!" పక్కామె అందుకుంది: "సదువుకున్నోలు కాళ్లు సూడరే, కాయితం సూస్తారు."

పని మానలేక అందరికంటే ఎక్కువ బాధపడుతున్నవాళ్లే నా పట్టికలో ఖాళీలు. తప్పు జవాబుల్లో లేదు, నా ప్రశ్నలో ఉంది.

ఫైనల్లో ఆ సగటు చెప్పలేదు. నా తప్పు ఒప్పుకుని, వాళ్ల మాటలే వినిపించాను. అంకె లేని వాదన అని ప్రత్యర్థులు ఎద్దేవా చేశారు. కప్పు వాళ్లకే దక్కింది. వెనక వరుసలోంచి మాస్టారు నెమ్మదిగా వచ్చారు. "బాగా ఓడిపోయావమ్మా," అన్నారు. నాకు దొరికిన బహుమతులన్నిటిలోనూ దాచుకున్నది అదొక్కటే.

విద్యార్థుల పట్టికల్లో ఖాళీ కనబడితే ఆయన పెన్సిలుతో చుట్టూ గీత గీసి, పక్కన "అడగాలి" అని రాసేవారు. వెళ్లి అడిగివచ్చాక ఆయనే టిక్కు పెట్టేవారు.

నిన్న ఆయన గది సర్దిన అటెండరు, నేను దిద్దమని ఇచ్చిన నా పరిశోధన ప్రతిని ఆయన బల్లమీద నుంచి తెచ్చి ఇచ్చాడు. చివరి పట్టికలో నా కంటపడని ఖాళీ గడి ఒకటి. చుట్టూ కాస్త వణికిన పెన్సిలు గీత. పక్కన "అడగాలి". ఆ మాట తర్వాత, టిక్కు పెట్టేందుకు వదిలిన చోటు.