శాలువా కప్పి అడిగిన వరం

మొన్న సాయంత్రం టీవీలో, గవర్నరు గారు విదేశాలకు వెళ్ళారనీ, తిరిగొచ్చేదాకా లెఫ్టినెంట్ గవర్నరే ఆ బాధ్యతలు చూస్తారనీ చెబుతుంటే, మావారు టీ తాగుతూ "మిగతా రోజుల్లో ఈయనకేం పనుంటుందోయ్?" అన్నారు. ఇంకెవరైనా అంటే ఊరుకునేదాన్నేమో గానీ, ఆయన నోటివెంట ఆ మాట వచ్చేసరికి నాకు ఒళ్ళు మండింది. నన్ను ఉడికించడానికే అన్నారు మహానుభావుడు, పైగా ముసిముసి నవ్వులొకటి!

మేం దేశం దాటి ఈ నోవై ఊరికి వచ్చిన కొత్తల్లో మావారికి కార్ల కంపెనీలో ఉద్యోగం, నాకేమో ఇంట్లో కూర్చోవడమే పని. యానాంలో నేను పళ్ళ డాక్టర్ని, ఊపిరి సలపనంత మంది వచ్చేవారు. గ్రీన్ కార్డ్ వచ్చాకైనా ప్రాక్టీసు పెడదామనుకుంటే, ఆ చదువు ఇక్కడ చెల్లదు, మళ్ళీ మొదటినుంచీ చదివితేనే లైసెన్స్ అన్నారు. ఎవరైనా నవ్వితే చాలు, నా చూపు వాళ్ళ పళ్ళమీదికే పోయేది. ఇప్పుడు చెబుతుంటే నవ్వొస్తోంది గానీ, అప్పట్లో నేను నేర్చిన విద్య నాతోనే పోతుందేమోనని బెంగపడి ఏడ్చేదాన్ని.

అలాంటి రోజుల్లోనే మా తెలుగువాళ్ళ ఉగాది వేడుకకి అప్పటి లెఫ్టినెంట్ గవర్నరు గారు ముఖ్య అతిథిగా వచ్చారు. మా యానాం చుట్టూ అంతా గోదావరి జిల్లానే అయినా పాలన మాత్రం పాండిచ్చేరిది, అక్కడ లెఫ్టినెంట్ గవర్నరంటే ఢిల్లీవాళ్ళు పంపిన పెద్ద దొర, ఆయన సంతకం పడందే ఫైలు కదలదు. ఇక్కడా అంతేననుకున్నాను. శాలువా కప్పే అవకాశం నాకు రాగానే, మనవైపు పెద్దలకి సన్మానం చేసి విన్నపం చెప్పుకున్నట్టే, మైకు ముందు చేతులు జోడించి, మీరొక్క సంతకం పెడితే మళ్ళీ చదవకుండానే లైసెన్స్ పరీక్ష రాసుకుంటానని అడిగేశాను. కార్యక్రమం నడిపిస్తున్న మా స్నేహితురాలి కూతురు నా చెంగు లాగి, "ఆంటీ, ఆయన బాస్ కాదు ఆంటీ, సైన్ చేస్తే అవదు" అంది. సిగ్గుతో చచ్చిపోయాననుకోండి.

ఆయన మాత్రం నవ్వలేదు. భోజనాల దగ్గర శాలువా తీయకుండానే నా పక్కన కూర్చుని, పులిహోర తింటూ తన ఉద్యోగమేమిటో ఓపిగ్గా చెప్పారు. రాష్ట్ర ఎగువ సభ సెనేట్‌లో అధ్యక్ష స్థానంలో కూర్చుని సభ నడపడం, గవర్నరు ఊళ్ళో లేకపోతే ఆ పని చూడడం, అంతే. ఓటు కూడా లేదట, రెండు పక్షాలూ సరిసమానమైతే తప్ప. నాలాంటివాళ్ళని నేరుగా పరీక్ష రాయనిచ్చే బిల్లొకటి కమిటీలో నలుగుతోందనీ, ఇక్కడ చెప్పిందే అక్కడికొచ్చి చెప్పమనీ అన్నారు.

మావారు సెలవు పెట్టి, మంచుకి జారే రోడ్డుమీద రాష్ట్ర రాజధాని లాన్సింగ్ దాకా డ్రైవ్ చేశారు. కమిటీ ముందు, ఉగాదినాడు మైకులో చెప్పిందంతా మళ్ళీ చెప్పాను. ఓటింగ్ రోజు మళ్ళీ వెళ్ళి పైన గ్యాలరీలో కూర్చున్నాం. ఓట్లు సమానమయ్యాయి. అలాగే వదిలేస్తే బిల్లు పోయినట్టే. మావారు నా చెయ్యి గట్టిగా పట్టుకున్నారు. లెఫ్టినెంట్ గవర్నరు గారు తన కుర్చీలోంచే, ఏ ఉపన్యాసమూ లేకుండా, బిల్లుకి అనుకూలంగా తన ఓటు చెప్పారు. అంతే! తర్వాత దిగువ సభనీ దాటింది, గవర్నరు సంతకమూ పడింది, నేను పరీక్షా రాశాను, క్లినిక్కూ పెట్టాను.

ఇన్నేళ్ళూ నడిపిన ఆ క్లినిక్‌ని ఈమధ్యే గుంటూరు నుంచి వచ్చిన ఒక డాక్టరమ్మాయికి అప్పగించాను. ఆ అమ్మాయి ఎవర్నీ బతిమాలే పని లేకుండా పరీక్ష రాసింది, లైసెన్స్ తెచ్చుకుంది. తాళాలిస్తూ, ఇప్పుడు ఈ లోకంలో లేని ఆ పెద్దమనిషి సంగతి చెప్పబోతే, "సో స్వీట్ ఆంటీ, కానీ పేషెంట్ వెయిట్ చేస్తున్నారు" అంటూ లోపలికెళ్ళిపోయింది. చిన్నబుచ్చుకున్నాను, అబద్ధమెందుకు. బయటికొచ్చి కారెక్కాక, కిటికీలోంచి ఆ పిల్ల గ్లోవ్స్ తొడుక్కుని పేషెంట్ మీదికి వంగడం కనిపించింది. ఇంజిన్ స్టార్ట్ చేయబుద్ధి కాలేదు, నా విద్య నాతోనే పోతుందని ఒకప్పుడు ఏడ్చినదాన్ని, స్టీరింగ్ మీద తల ఆనించి, ఈసారి తనివితీరా ఏడ్చాను.