డాక్టరుగారి విగ్రహానికి రెండో తల

మా ఆయనకి కాదనడం చేతకాదు. కొత్తపేటలో మా ఇంటిపక్క రేకుల షెడ్డులో విగ్రహాలు చేసేవారు. ఎవరేం చెప్పినా "ఆయ్, అలాగేనండి" అనేవారు. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. ఆ మాట పుట్టించినవాళ్ళు విగ్రహాల కమిటీని చూసి ఉండరు.

తొంభైల చివర్లో, అమలాపురం సెంటర్లో పెట్టడానికి ఒక డాక్టరుగారి విగ్రహం చెయ్యమని అక్కడి కమిటీవాళ్ళనుంచి మాకు కబురొచ్చింది. ఆయన పోయి అప్పటికే చాలా ఏళ్ళయింది. బతికినన్నాళ్ళూ పడవెక్కి లంక గ్రామాలకి వెళ్ళి, గోదావరి పొంగినా ఆగకుండా వైద్యం చేసిన మనిషి. అప్పటిదాకా మా ఆయన చేసినవన్నీ బళ్ళకీ గుళ్ళకీ చిన్నచిన్న బొమ్మలే. సెంటర్లో నిలబడే నిలువెత్తు విగ్రహం అదే మొదటిది. అది నిలబడితే మేమూ నిలబడతామని ఆశపడ్డాను.

ఈ పనిలో ముందు మట్టితో మనిషిని చేస్తారు. చేయించుకునేవాళ్ళు చూసి సరేనన్నాక దాని మీద అచ్చు తీసి సిమెంటు పోస్తారు. మార్పులేమన్నా ఉంటే మట్టి పచ్చిగా ఉన్నప్పుడే చెయ్యాలి. అందుకని కమిటీవాళ్ళు రోజుకొకరు చొప్పున దిగేవారు. బట్టతల బాగోలేదని ఒకరు జుట్టు పెట్టించారు. మెడ బక్కగా ఉందని ఇంకొకరు లావు చేయించారు. కళ్ళజోడు ఉంటే ముసలితనం కనిపిస్తోందని మరొకరు తీయించారు. కమిటీ ప్రెసిడెంటుగారైతే, "సెంటర్లో నిలబడే మనిషి, కాస్త దర్జా ఉండాలయ్యా" అని ముక్కు నిటారుగా చేయించారు. అందరికీ ఒకటే జవాబు, "ఆయ్." వాళ్ళు వెళ్ళాక నేను నెత్తీ నోరూ కొట్టుకున్నాను.

"పెద్దవాళ్ళు, ఇంత దూరం వచ్చి చెప్పేరు. మొహం మీద ఎలా కాదంటామే?" అన్నారాయన.

విగ్రహం ముసుగు తీసిన రోజు నేనూ వెళ్ళాను. చప్పట్లు మొదలై మధ్యలోనే ఆగిపోయాయి. లంకలనుంచి వచ్చిన ఒక ముసలాయన పైకి చూసి, "డాక్టరుగారి ఇగ్రహం అన్నారు కదండీ, మరి ఈయనెవరండీ?" అని అడిగాడు. జనం గొల్లున నవ్వారు. తరవాత నవ్వు పోయి తగువు మొదలైంది. మా డాక్టరుగారిని అవమానించారు, తీసెయ్యండని లంకలవాళ్ళు. మేం చూసి ఒప్పుకున్న విగ్రహమే, ఉండి తీరాలని కమిటీవాళ్ళు. అర్జీలు పెట్టారు, టెంట్లు వేసి కూర్చున్నారు. చివరికి గొడవ తేలేదాకా ఎవరికీ కనపడకుండా విగ్రహం తలకి గోనెసంచి తొడిగి తాడు చుట్టారు.

తిలాపాపం తలా పిడికెడు అంటారు. ఇక్కడ మాత్రం అందరి పిడికెళ్ళూ మా ఆయన నెత్తినే పడ్డాయి. చేతిలో ఉన్న ఆర్డర్లు వెనక్కి పోయాయి. వినాయకుణ్ణి చెయ్యమన్నవాళ్ళు కూడా వద్దన్నారు, తొండం మర్చిపోతాడనుకున్నారో ఏమో! రెండు నెలలు ఆయన షెడ్డు తలుపు తియ్యలేదు. ఈ పని ఇంక మానేసి మండపేట వెళ్ళి రైసుమిల్లులో చేరతానన్నారు. మట్టి తప్ప ఇంకోటి తెలియని చేతులవి. నాకు ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది.

అప్పుడు రెండు పక్షాలవాళ్ళూ కలిసి రాజోలునుంచి డాక్టరుగారి భార్యని పిలిపించారు. ఎనభై దాటిన మనిషి. కారు దిగి, గోనె విప్పించి, చాలాసేపు చూశారు. దేవుడా, ఈవిడ చేత ఒక్క అబద్ధం చెప్పించమని నేను మొక్కుకున్నాను. ఆవిడ చెప్పలేదు.

"ఈయన మావారు కాదండి," అన్నారు. అక్కడితో ఆగి కారెక్కి వెళ్ళిపోవచ్చు. ఆగలేదు. కమిటీవాళ్ళ వైపు తిరిగి, "పనివాడి చెయ్యి మటుకు మంచిదండి. ఆ చొక్కా మడతలు చూడండి. మొహం దగ్గర మీరంతా తలో మాటా చెప్పుంటారు. ఈ అబ్బాయి చేతే ఇంకో తల చేయించండి. ఈసారి మీరెవరూ వెళ్ళకండి, నేను వెడతాను," అన్నారు.

మేం ఆవిడకి ఏమీ కాము. ఆ నాలుగు మాటలూ ఆవిడ అనకపోతే మా ఆయన ఏమైపోయేవారోనని ఇప్పటికీ అనుకుంటాను, ఆవిడ పేరున దండం పెట్టుకుంటాను.

పదిరోజులు వచ్చారావిడ. మామ్మగారని పిలిచేదాన్ని, షెడ్డులో కుర్చీ వేసి కాఫీ ఇచ్చేదాన్ని. ముక్కు ఇలా ఉండాలి, గడ్డం అలా ఉండాలి అని ఒక్కసారీ అనలేదు. డాక్టరుగారు తడిసిన పంచెతో వచ్చి నిలబడే అన్నం తినేవారని, మందు వేసుకోనివాళ్ళని ఎంత తిట్టేవారో, తిట్టి ఎలా నవ్వేవారో, అవే కబుర్లు. మా ఆయన వింటూ మట్టి దిద్దుకునేవారు.

వద్దన్నా ఒకరోజు ప్రెసిడెంటుగారు వచ్చారు. "ఆ కళ్ళజోడొక్కటీ తీసేద్దామయ్యా," అన్నారు.

"లేదండి. ఉండాలండి," అన్నారు మా ఆయన, మట్టి మీంచి చూపు తిప్పకుండా. పెళ్ళయిన పద్దెనిమిదేళ్ళకి ఆయన నోట ఆ మాట విన్నాను. ప్రెసిడెంటుగారు కాఫీ తాగి వెళ్ళిపోయారు.

పాత తల తీసి అతికించిన ఆ రెండో తలే ఇప్పుడు సెంటర్లో ఉన్నది. మొదట గొడవ చేసినవాళ్ళే దండలు తెచ్చారు. ఆ తరవాత పదేళ్ళూ మా షెడ్డు ఖాళీగా ఉన్న రోజు లేదు. కానీ నాకు గుర్తుండిపోయింది దండలు కాదు, ఆ పదోరోజు.

మామ్మగారు ఏదో చెబుతూ చెబుతూ ఆగిపోయారు. మా ఆయన అప్పుడే బొమ్మ కంటి కింద బొటనవేలితో చిన్నగా నొక్కారు. ఇద్దరం పట్టుకుంటేగాని లేవలేని మనిషి, కుర్చీ చెయ్యి పట్టుకుని తనంతట తనే లేచి నిలబడ్డారు. పమిట భుజం చుట్టూ తిప్పి కప్పుకున్నారు.

నేను పరుగెత్తాను. "ఏం కావాలి మామ్మగారూ? కూర్చోండి."

"ఆయన ఎదురుగా కూర్చోవడం నాకు అలవాటు లేదమ్మా," అన్నారు.

మా ఆయన మట్టి మీంచి చెయ్యి తీసేసి, పక్కకి జరిగి, ఆవిడకి చోటిచ్చారు.