మావ ఒడి కోసం ఆగిన చెవులు

మా చిన్నప్పుడు కంచరపాలెంలో మా వీధి ఆడపిల్లలందరి చెవులకీ ఏదో ఒకటి ఉండేది... కమ్మలో, దుద్దులో, ఏమీ లేకపోతే చీపురుపుల్ల ముక్కో. ఐదో ఏడు నడుస్తున్నా నావి మాత్రం బోడి చెవులే. మా ఇంట్లో పంతాలు అలాంటివి.

మా నాన్నది సబ్బవరం, వ్యవసాయం ఇల్లు. అమ్మది జాలారిపేట, సముద్రం మీద బతికే ఇల్లు. ఇష్టపడి పెళ్ళి చేసుకున్నారు. రెండు ఇళ్ళకీ పడేది కాదు... మధ్యలో నా చెవులు.

మేనమామ ఒళ్ళో కూర్చోబెట్టి కుట్టించాలి, అందులో ఎవరికీ పేచీ లేదు. నాకున్నది ఒక్కడే మేనమామ, అమ్మ తమ్ముడు రాజు మావ. బోటెక్కి వేటకి వెళ్తే వారం పది రోజులు సముద్రంలోనే. అందుకే ఎండాకాలంలో, చేపలు గుడ్లు పెట్టే రోజులని వేట బందు చేసి బోట్లన్నీ ఒడ్డున ఉన్నప్పుడే కుట్టిద్దామనుకున్నారు. పేచీ అంతా ఎక్కడ అన్నదే.

మామ్మ... అంటే నాన్న వాళ్ళ అమ్మ... సబ్బవరం నుంచి వచ్చి మరీ చెప్పింది. "మా ఇంటి పిల్ల. మా కంసాలి సేతే కుట్టాల. మా ఇంట్లోనే."

అమ్మ ఒప్పుకుంటేగా. "నా పెళ్ళైన కొత్తలో మా అమ్మొత్తే నీసు వాసనని అరుగు మీదే కూసోబెట్టారు. మళ్ళీ ఆ గుమ్మానికి నా తమ్ముణ్ణి పంపుతానా? జాలారిపేటలోనే కుట్టిత్తాను."

నాన్న మధ్యలో నలిగిపోయి, ఇద్దరిదీ కాకుండా వన్ టౌన్‌లో ఎవరైనా మంచి కంసాలి దగ్గరికి పోదామన్నాడు. ఆ మాటకి అత్తాకోడళ్ళిద్దరూ కలిసి నాన్న మీద పడ్డారు. వాళ్ళు ఒక్కటవడం అప్పుడే చూశాను.

రాజు మావ మాత్రం వలలు బాగుచేసుకోవడం అయ్యాక సాయంత్రాలు వచ్చి, నన్ను ఒళ్ళోకి లాక్కుని నవ్వేవాడు. మా వైపు అక్కని అప్ప అంటారు. "యాడైతే ఏటప్పా... సబ్బవరమంటే సబ్బవరం. అరుగు మీదంటే అరుగు మీదే కూసుంటాను. నాకేటి సిగ్గు?"

"నీకు లేకపోతే నాకుందిరా" అనేది అమ్మ.

ఒక ముహూర్తం పోయింది... ఇంకోటి పోయింది... వేట బందు కూడా అయిపోయింది.

బయల్దేరే ముందు మావ వచ్చాడు. నా చెవి తమ్మె పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఓ పది రోజుల్లో ఒచ్చేత్తాను. ఈలోపు తేల్సుకోండప్పా. లేపోతే నానే దీన్ని ఎత్తుకుపోయి ఏ కంసాలి కాడైనా కుట్టించేత్తాను" అన్నాడు. అమ్మ నవ్వింది. అన్నం తినెళ్ళరా అంది. బోట్లోకి ఐసు ఎక్కించాలని తినకుండానే వెళ్ళిపోయాడు.

వాయుగుండం పట్టింది. మిగతా బోట్లు ఏ రేవు దొరికితే ఆ రేవుకి చేరుకున్నాయి. మావ బోటు రాలేదు. హెలికాప్టర్ తిరిగిందన్నారు, ఒరిస్సా వైపు కొట్టుకుపోయి ఉంటుందన్నారు... మనుషులూ రాలేదు, ఏ ఆనవాలూ రాలేదు.

అమ్మ ఏడవలేదు. ఏడిస్తే పోయాడని ఒప్పుకున్నట్టే కదా. వరసకి తమ్ముళ్ళయ్యేవాళ్ళు ఇద్దరు ముగ్గురు వచ్చి, "పిల్లని మా ఒళ్ళో కూసోబెట్టప్పా, తప్పులేదు" అన్నారు. "నా తమ్ముడుండగా ఇంకోల ఒడేటి?" అంది అమ్మ. ఉండగా... వచ్చినవాళ్ళు వచ్చినట్టే వెళ్ళిపోయేవాళ్ళు.

ఆరో ఏడు సరి సంవత్సరం, కుట్టకూడదన్నారు. ఏడో ఏడు వచ్చింది. నీకు చెవులెందుకు కుట్టలేదే అని బళ్ళో పిల్లలడిగితే, మా మావ సముద్రం నుంచి వచ్చాక కుడతారని చెప్పేదాన్ని. నిజంగానే అలా నమ్మేదాన్ని.

అప్పుడు కదిలింది మా మామ్మ. వాళ్ళ ముసలి కంసాలిని వెంటబెట్టుకుని, సబ్బవరంలో బస్సెక్కి తిన్నగా జాలారిపేటకి వచ్చింది. మమ్మల్నీ అక్కడికే రమ్మంది. ఎన్నడూ తొక్కని గుమ్మం తొక్కి, లోపలికెళ్ళి అమ్మమ్మ పక్కన చాప మీద కూర్చుంది. "వదినా, పిల్లని నీ ఒళ్ళో కూసోబెట్టుకో. నీ కొడుకు తరపున నువ్వే. ఆ ఏడే నాను ఈ గుమ్మమెక్కుంటే ఆ బాబు ఒళ్ళోనే జరిగిపోయేది" అంది.

అమ్మ నన్ను గట్టిగా పట్టుకుంది. "ఆడొత్తాడమ్మా... ఇంకొన్నాళ్ళు సూద్దాం" అంది అమ్మమ్మతో.

అమ్మమ్మ చేతులు చాపింది. "ఆడు రాడమ్మా. కన్నదాన్ని... నానే సెప్తన్నాను. పిల్లని ఇలాగియ్యి."

అమ్మ ఇచ్చింది. నా నోట్లో బెల్లం ముక్క పెట్టారు. కంసాలి తాత బంగారు తీగ గుచ్చగానే కెవ్వుమన్నాను... నాకన్నా గట్టిగా అమ్మ ఏడ్చింది. రెండేళ్ళుగా దాచుకున్న ఏడుపంతా మామ్మ భుజం మీద పడి ఏడ్చింది. ఆ రోజుతో మావ లేడని మా ఇంట్లో అందరికీ తెలిసిపోయింది. నాక్కూడా.

ఇప్పుడు మాల్‌లో, పార్లర్‌లో, డాక్టర్ దగ్గర... టిక్కుమని ఒక చప్పుడు, అయిపోతుంది. ఒడితో పనే లేదు. మొన్న మా పాపకి కుట్టించాలనుకోగానే మా ఇంట్లోనూ అదే మాట మొదలైంది. అత్తగారు గుళ్ళో అంటారు, మా ఆయన డాక్టర్ దగ్గరంటారు. నేను ఎవరితోనూ వాదించలేదు. గాజువాకలో ఉండే మా తమ్ముడికి ఫోన్ చేసి, ఉన్నపళంగా రారా అన్నాను. డ్యూటీ బట్టలతోనే వచ్చాడు. దగ్గర్లో ఏ కొట్టు తెరిచి ఉంటే అక్కడికే వెళ్ళాం. అమ్మ కూడా వచ్చింది... పాప చెవులవైపు చూడనే లేదు, మా తమ్ముడి ఒడివైపే చూస్తూ నిలబడిపోయింది.

మీ చెవులు ఎవరి ఒళ్ళో కూర్చోబెట్టి కుట్టారో గుర్తుందా? ఇక్కడ రాయండి, చదువుకుంటాను... ఆ మనిషి ఇంకా ఉంటే మాత్రం ముందు వెళ్ళి కనబడి రండి. నాకు రాయడం తర్వాత.