ఉలవల్లోంచి ఒకే ఒక్క నీలిగీత

ఎనభైల మొదట్లో బెంగళూరులోని ఒక పరిశోధనశాలలో చేరాను. ఉలవల్లో ఉండే ఒక ప్రోటీన్‌ను మిగతావాటి నుంచి విడదీయడం నా పని. ఉలవపిండిని నానబెట్టి వడకట్టి, ఆ తేటలో మంచులా చల్లటి అసిటోన్ చుక్కచుక్కగా పోస్తే ప్రోటీన్లు తెల్లగా విరిగి అడుక్కి దిగుతాయి. అసిటోన్ చల్లగా లేకపోతే అవి పాడైపోతాయి.

ఆరు నెలలు చేసినా ప్రతిసారీ రెండు మూడు ప్రోటీన్లు కలిసే వచ్చేవి. ఈసారి అసిటోన్‌ను రెండు విడతలుగా పోద్దామనుకున్నాను. మొదట విరిగింది తీసేసి, మిగిలిన తేటలో మళ్ళీ పోయాలి. తీరా అన్నీ సిద్ధం చేసుకున్న పొద్దున ఐసు మిషన్ చెడిపోయింది.

మా అటెండరు రిటైర్మెంటుకు దగ్గరపడ్డ పెద్దాయన. తాతల కాలం నుంచీ బెంగళూరులో ఉన్న తెలుగు కుటుంబం వాళ్ళది. నా మొహం చూసి సంగతి అడిగాడు. చెప్పాను.

"మార్కెట్టు కాడ ఐసు ఫ్యాక్టరీ ఉండాది. గోనెసంచి తీసుకోమ్మా, పోదాం."

ఆటోలో తిరిగొస్తుంటే సంచి దారంతా కారింది. నా చీర మోకాళ్ళ దాకా తడిసింది. ఆటో డ్రైవరు వెనక్కి తిరిగి, చేపలా అని కన్నడంలో అడిగాడు.

"కాదప్పా, ఉలవలు" అన్నాడు అటెండరు, నవ్వకుండా.

ఐసు పగలగొట్టి కల్లుప్పు కలిపాం. థర్మామీటరు సున్నా కిందికి దిగింది. మొదటి విడత మామూలుగానే అయింది. రెండో విడతలో కొన్ని చుక్కలు పడగానే బీకరులో సన్నటి తెల్లమబ్బు లేచింది. అది అడుక్కి దిగేదాకా బీకరు పక్కనుంచి కదల్లేదు.

మర్నాడు దాన్ని జెల్‌కి ఎక్కించాను. జెల్ అంటే పల్చటి జున్నుముక్క లాంటి పలక. అందులో కరెంటు పారిస్తే ప్రోటీన్లు సైజును బట్టి వేరువేరు చోట్ల ఆగుతాయి. ఆ పలకను నీలిరంగులో నానబెట్టి, మెథనాల్, అసిటిక్ యాసిడ్ కలిపిన నీళ్ళతో కడగాలి. ప్రోటీన్ ఉన్నచోట రంగు నిలుస్తుంది, మిగతాది వదిలిపోతుంది. నీళ్ళు మార్చినప్పుడల్లా కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చూశాను. మధ్యాహ్నానికి పలక తేటపడింది. ఒకే గీత. పైన లేదు, కింద లేదు.

మెట్లు రెండేసి చొప్పున ఎక్కి మా గైడు గదికి వెళ్ళాను. ఆయన పలకను వెలుతురుకు పట్టి చాలాసేపు చూశారు.

"ఇంకో రెండుసార్లు చెయ్యండి. అప్పుడు నమ్ముతాను."

చేశాను. రెండుసార్లూ అదే చోట అదే గీత. మూడో పలక చూశాక ఆయన డ్రాయరు తీసి, కొత్త నోట్‌బుక్ నా చేతిలో పెట్టారు.

"ఇంక ఇదేం పని చేస్తుందో కనుక్కుందాం" అన్నారు.

ఆ సాయంత్రం బస్సులో సీటు ఖాళీగా ఉన్నా నాకు కూర్చోబుద్ధి కాలేదు.